సీసా మీది అంకె: ఆబిడ్స్, నాంపల్లి, ఒక పాత లెక్క

గత నెలలో ఆబిడ్స్ వెనుక సందులో ఉన్న నా బాల్యమిత్రుని ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆయన బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవారు. మధుమేహమూ, కాలేయంలో కొవ్వూ ఉన్నవారు. టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్న ఆయన కుమారుడు సెలవులకు వచ్చి ఒక బర్బన్ విస్కీ సీసా తెచ్చాడు. దాని పేరు చెప్పను. ఈ శీర్షికలో ఇంతవరకు ఏ సీసాకూ ప్రచారం చేయలేదు, ఇప్పుడు మొదలుపెట్టే వయసూ కాదు. గోధుమ కలిపి చేసిన బర్బన్ అనీ, పీపాలోనుంచి తీసి నీరు కలపకుండానే సీసాకెత్తినది అనీ ఆ అబ్బాయి వివరించాడు. తలా ఒక చిన్న గ్లాసు, తలా ఒక కాగితం ఇచ్చి, రంగు, వాసన, రుచి, మింగిన తరువాత నాలుక మీద నిలిచే జాడ, ఈ నాలుగింటికీ కలిపి నూటికి మార్కులు వేయమన్నాడు.

అక్కడున్న అయిదుగురు పెద్దమనుషులూ తొంభైకి తగ్గకుండా వేశారు. 'గొంతులో మంటే లేదు' అన్నారొకరు. 'మన విస్కీ కంటె ఎంతో తేలిక' అన్నారు మరొకరు. నేను తాగడం మానివేసి పాతికేళ్ళు దాటింది కనుక వాసన చూసి ఊరుకొన్నాను. బెల్లపు పాకం, వేయించిన కొబ్బరి, కొద్దిగా వెనిలా. మంచి వాసనే, కాదనను.

తరువాత సీసా చేతికి తీసుకొని అంకె చూశాను. 120 ప్రూఫ్ అని ఉంది. అప్పుడు మొదలైంది వాదం. 'మన సీసాల మీద 75 డిగ్రీలు ఉండేది కదా, అంటే ఇది ఒకటిన్నర రెట్లకు పైమాట' అన్నారు ఒక పెద్దాయన. 'కాదండీ, అమెరికా లెక్కను సగం చేయాలి. అంటే 60. మనది 75. మనదే ఘాటు' అన్నారు ఇంకొకరు. ఇద్దరూ చదువుకున్నవారే, ఇద్దరి లెక్కా తప్పే. ఇదే తప్పును నేను 1976లో, తెల్లకోటు వేసుకొని, ఒక మనిషి ప్రాణం ముందు పెట్టుకొని చేయబోయాను. ఆ సంగతి చెప్పేముందు ఈ అంకె ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

ప్రూఫ్ అంటే రుజువు. పూర్వం ఇంగ్లండులో మద్యానికి దాని బలాన్ని బట్టి సుంకం వేసేవారు. బలాన్ని తెలుసుకొనేందుకు తుపాకిమందును మద్యంతో తడిపి నిప్పు పెట్టేవారని సంప్రదాయంగా చెప్పుకొంటారు. మందు అంటుకొంటే బలం రుజువైనట్లు. నీరు ఎక్కువై అంటుకోకపోతే రుజువు కానట్లు. అంటుకొనే ఆ గీతకే ప్రూఫ్ అని పేరు వచ్చింది. గీతకు పైనున్నది ఓవర్ ప్రూఫ్, కిందనున్నది అండర్ ప్రూఫ్. మన సీసాల మీద కనిపించే యు.పి. అనే రెండక్షరాలు ఈ అండర్ ప్రూఫే. ఉత్తరప్రదేశ్‌లో తయారైన సరుకనుకొనేవారిని నేను స్వయంగా చూశాను.

నిప్పుతో చేసే పరీక్ష ఎంత నమ్మకమో చెప్పనక్కరలేదు. అందుకే 1816లో బ్రిటిషు పార్లమెంటు బార్తొలొమ్యూ సైక్స్ రూపొందించిన హైడ్రోమీటరును చట్టబద్ధమైన కొలతగా స్వీకరించింది. సాధనం సులువైనది. ఇత్తడి బుడ్డి, దానిపై అంకెలు చెక్కిన కాడ, కింద తగిలించేందుకు చిన్న చిన్న తూకపు బిళ్ళలు. ఆల్కహాలు నీటికంటె తేలిక కనుక మద్యంలో అది ఎక్కువ ఉన్నకొద్దీ బుడ్డి లోతుకు మునుగుతుంది. వేడి పెరిగితే ద్రవం పలుచబడుతుంది కనుక పక్కన ఉష్ణమాపకమూ, సరిదిద్దే పట్టికల పుస్తకమూ ఉంటాయి. హైదరాబాదు వేసవిలో పట్టిక చూడకుండా కొలిస్తే ఉన్న బలం కంటె ఎక్కువ బలం చూపిస్తుంది. చట్టం ప్రూఫ్ స్పిరిటుకు ఇచ్చిన నిర్వచనం ఇది: 51 డిగ్రీల ఫారెన్‌హీటు వద్ద, అంతే పరిమాణపు శుద్ధజలం బరువులో పదమూడింట పన్నెండు వంతులు తూగేది. నేటి లెక్కలో చెప్పాలంటే నూటికి 57.1 పాళ్ళు ఆల్కహాలు. వంద కాదు, యాభై కాదు, యాభైయేడూ చిల్లర. అసలు చిక్కంతా ఈ చిల్లరలో ఉంది.

అమెరికావారు ఈ గొడవ పడలేదు. ఆల్కహాలు శాతాన్ని రెట్టింపు చేసి దానికే ప్రూఫ్ అని పేరు పెట్టుకొన్నారు. వారి 100 ప్రూఫ్ అంటే నూటికి యాభై. మాట ఒకటే, కొలత వేరు. బ్రిటిషువారు సైతం 1980లో పాత పద్ధతిని విడిచి నేరుగా శాతానికి మారారు. మనం మాత్రం వారు వదిలిన దానిని భద్రంగా దాచుకొన్నాం.

ఎందుకు దాచుకొన్నామో తెలియాలంటే నాంపల్లి దాకా నడవాలి.

ఆబిడ్స్ అనే పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ యూదుని దుకాణం వల్ల వచ్చిందని నగరవాసులు చాలామందికి తెలుసు. విదేశీ సరుకులు అమ్మే ఆ దుకాణం పోయింది, పేరు మిగిలింది. అక్కడినుంచి పది నిమిషాల నడకలో నాంపల్లి రైల్వే స్టేషను, 1907లో కట్టినది. సరిగ్గా ఆ రోజులలోనే నిజాం ప్రభుత్వం మరొక కట్టడం కూడా పూర్తిచేసింది. అది రాతి కట్టడం కాదు, చట్టం. 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది, అంటే 1906-07. కల్లుకూ సారాకూ సంబంధించిన అనుమతులు, గుత్తలు, పన్నులు, శిక్షలు ఆ చట్టంలోకి వచ్చాయి. తెలంగాణ ప్రాంతంలో 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చేదాకా అదే నడిచింది. నేటికీ మద్యనిషేధ, ఎక్సైజు శాఖ ప్రధాన కార్యాలయం నాంపల్లిలోనే ఉంది. దానిని ఆబ్కారీ భవన్ అనే పిలుస్తారు.

ఆబ్కారీ అన్న మాటను ఒక్క క్షణం గమనించండి. పారసీలో ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. నీళ్ళ పని! అరబ్బీలో అరఖ్ అంటే చెమట. ఆవిరి చల్లబడి చెమటబొట్లలా రాలుతుంది కనుక బట్టీ పెట్టిన మద్యానికి ఆ పేరు, ఇంగ్లీషువారి నోట అర్రాక్ అయింది. ఈ మాటలలో ఎక్కడా ఒంటికి ఏమవుతుందన్న ఊసు లేదు.

మన ప్రాంతంలో అప్పటి మద్యాలు రెండు. ఒకటి కల్లు. పులియబెట్టినది మాత్రమే కనుక దానిలో ఆల్కహాలు సుమారు నూటికి అయిదు. పులియడంతో ఎంత ప్రయత్నించినా పదిహేను శాతం దాటడం కష్టం. అక్కడికి వచ్చేసరికి ఈస్టు తాను చేసిన విషంలో తానే చచ్చిపోతుంది. రెండవది ఇప్పపూల సారా. ఆదిలాబాదు అడవులలో వేసవి మొదట్లో రాలే ఇప్పపూవులో చక్కెర దండిగా ఉంటుంది. పులియబెట్టి బట్టీ పెడితే పదిహేను శాతమనే హద్దు చెరిగిపోతుంది. సారాలో నీరెంతో, సారమెంతో కంటికి తెలియదు. గుత్తేదారు నీరు కలిపితే తాగేవాడికి నష్టం, బలమైన సరుకును తక్కువ బలం కింద చూపితే ఖజానాకు నష్టం. ఖజానా నష్టాన్ని పసిగట్టడానికే హైడ్రోమీటరు. పన్నును ద్రవం మొత్తం మీద కాక దానిలోని ప్రూఫ్ స్పిరిటు మీద కట్టే పద్ధతి అలా మన దేశమంతటా స్థిరపడింది. ఈనాటికీ ఎక్సైజు కాగితాలలో ప్రూఫ్ లీటరు అనే మాట కనిపిస్తుంది.

మరి 75 డిగ్రీలు? ప్రూఫుకు నూటికి పాతికవంతు తక్కువ, అంటే 25 యు.పి. అని నిర్ణయించారు కనుక 75. 57.1లో ముప్పాతిక వంతు తీయండి, 42.8 వస్తుంది. మన విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాలన్నింటి మీద 42.8 శాతం అనే వింత అంకె ఎందుకుంటుందని నా విద్యార్థి ఒకరు అడిగారు. నలభై కాదు, నలభై మూడు కాదు, 42.8. ఆ దశాంశం తర్వాతి ఎనిమిది, లండనులోని తుపాకిమందు వారసత్వం.

ఇప్పుడు 1976కు వస్తాను. నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను హౌస్ సర్జనును. ఒక ఉదయం వడ్రంగం పనిచేసే ముగ్గురిని క్యాజువాలిటీకి తెచ్చారు. ముందురోజు రాత్రి పనిచోట దొరికిన స్పిరిటును నీళ్ళు కలిపి తాగారు. ఒకరు స్పృహలో లేరు. ఒకరు చూపు పోయిందని ఏడుస్తున్నారు. మూడవ మనిషి గోడనంతా సున్నం కొట్టినట్లు తెల్లగా కనిపిస్తోందని చెప్పాడు. 'తాగినప్పుడు తేడా తెలియలేదా?' అని అడిగితే, 'లేదు సారూ, మెత్తగనే ఉండె' అన్నాడు. ఆ మాట యాభై ఏళ్ళుగా నా చెవిలో ఉంది.

మెత్తగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. మిథనాలు, అంటే మిథైల్ ఆల్కహాలు, మనం మద్యమని పిలిచే ఇథనాలుకు తోబుట్టువు. వాసనలోనూ రుచిలోనూ సామాన్యుడు తేడా పట్టలేడు. అది తనంతట తాను అంత క్రూరమైనది కాదు. కాలేయం దానిని ముందు ఫార్మాల్డిహైడుగా, తరువాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటినరాన్ని కాలుస్తుంది, రక్తాన్ని ఆమ్లంతో నింపుతుంది. కొద్ది మిల్లీలీటర్లే చూపు తీయగలవు. విచిత్రమేమంటే, నాడు మాకు అందుబాటులో ఉన్న విరుగుడు ఇథనాలే. కాలేయంలోని ఎంజైము రెండూ ఎదురైతే ఇథనాలునే ముందు పట్టుకొంటుంది. ఆ వ్యవధిలో మిథనాలు మారకుండా మూత్రంలోనూ ఊపిరిలోనూ మెల్లగా బయటికి పోతుంది. ఈనాడు ఫోమెపిజోల్ అనే మందు ఉంది, డయాలిసిస్ ఉంది. ఆనాడు వార్డుబాయిని ఆబిడ్స్‌కు పంపి ఒక విస్కీ సీసా తెప్పించాము.

పాఠ్యపుస్తకం మోతాదును గ్రాములలో చెబుతుంది. ఆ రోగి బరువు సుమారు యాభై కిలోలు; మొదటి మోతాదుగా నలభై గ్రాముల ఇథనాలు అవసరం. మిల్లీలీటరు ఇథనాలు 0.79 గ్రాములు కనుక, యాభై మిల్లీలీటర్ల శుద్ధ ఇథనాలు. సీసా మీద చూస్తే 75 డిగ్రీలు అని ఉంది. నేను దానిని నూటికి 75 అనుకొని, 67 మిల్లీలీటర్లు చాలునని కొలపాత్రలో పోశాను. పక్కనే ఉన్న కాంపౌండరుగారు వయసులో పెద్దవారు. వారి తండ్రి నారాయణగూడ ప్రభుత్వ డిస్టిలరీలో పనిచేసేవారట. ఆయన నా చెయ్యి పట్టుకొని ఆపి, 'డాక్టరుసాబ్, అది సర్కారు లెక్క, దవాఖానా లెక్క కాదు' అన్నారు. తరువాత కేసుషీటు వెనుకవైపు 57 అని వేసి, ముప్పాతిక చేసి, 42.8 అని రాశారు. సరైన మోతాదు దాదాపు 118 మిల్లీలీటర్లు. నేను పోసినది అందులో సగానికి కొంచెం ఎక్కువ. నీళ్ళు కలిపి ముక్కుగొట్టం ద్వారా ఎక్కించాము, సోడా బైకార్బొనేటు సిరకెక్కించాము. స్పృహలో లేని మనిషి ఆ సాయంత్రమే పోయాడు. చూపు పోయిందన్న మనిషి బతికాడు, చూపు రాలేదు. గోడ తెల్లగా కనిపించిన మనిషి కొంత చూపుతో ఇంటికి వెళ్ళాడు. నేను 67 దగ్గర ఆగిపోయి ఉంటే ఆ కొంత కూడా మిగిలేదో లేదో చెప్పలేను.

కాంపౌండరుగారి మాటను తరువాతి ఉద్యోగకాలమంతా పరీక్షించి చూసుకొన్నాను. ప్రూఫ్ అనే కొలత పన్ను వేసేవాడి కోసం పుట్టింది, రోగి కోసం కాదు, తాగేవాడి కోసమూ కాదు. ఎనభయ్యవ దశకంలో వారుణివాహిని పేరిట ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇంటి గడప దాకా పంపింది. ప్యాకెట్లలోని బలం ఎంతో తాగేవారు చదవలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మాత్రం ఆ బలాన్ని ఖాళీ అయిన వంటపాత్రలతో కొలిచారు. 1992లో వారు మొదలుపెట్టిన పోరాటం ఫలితంగా 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. రెండవది 1997లో పోయింది. ఆ చరిత్ర మీద చాలామంది రాశారు కనుక దాటిపోతున్నాను.

తిరిగి మిత్రుని ఇంటి సీసాకు. బర్బన్‌కు అమెరికాలో కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి. ధాన్యంలో కనీసం 51 పాళ్ళు మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చి బొగ్గుచేసిన కొత్త ఓకు పీపాలో నిలవ పెట్టాలి. పీపాలోకి పోసేటప్పుడు వారి లెక్కలో 125 ప్రూఫ్, అంటే 62.5 శాతం మించకూడదు. సీసాలో 80కి, అంటే 40 శాతానికి తగ్గకూడదు. మొక్కజొన్నకు తోడుగా మామూలుగా రై అనే ధాన్యం వేస్తారు. మిరియపు ఘాటు దానివల్లనే. రై బదులు గోధుమ వేస్తే ఘాటు తగ్గి మొక్కజొన్న తీపి పైకి తేలుతుంది. మేకర్స్ మార్క్, వెల్లర్, ఓల్డ్ ఫిట్జెరాల్డ్ ఈ కోవకు చెందినవి. వెనిలా వాసన కాల్చిన ఓకు చెక్కలోని వెనిలిన్‌ది. నాకు తగిలిన కొబ్బరి వాసన ఓకు లాక్టోనులది. ఇదంతా గొప్ప పనితనమే. అయితే గోధుమ తగ్గించేది ధాన్యపు ఘాటునే, ఆల్కహాలును కాదు.

మరి నాలుకకు ఎందుకు తెలియలేదు? మద్యం గొంతులో కలిగించే మంట రుచి కాదు, నొప్పి. గుంటూరు మిరపకాయలోని కాప్సైసిన్ ఏ గ్రాహకాన్ని మీటుతుందో ఇథనాలూ దానినే మీటుతుంది. టి.ఆర్.పి.వి.1 అని దాని పేరు; దానిని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా ఆ గ్రాహకం 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. ఇథనాలు తగిలితే ఆ హద్దు 34 దగ్గరికి దిగిపోతుంది, కనుక మన ఒంటి వేడే మనలను కాలుస్తున్నట్లు తోస్తుంది. ఆవకాయ తిని పెరిగిన నోటికి ఈ గ్రాహకం మొద్దుబారి ఉండటం సహజం. పైగా తీపి వాసన వస్తే మెదడు మెత్తదనాన్ని ఊహించుకొంటుంది. ఇన్ని కలిసిన తరువాత ఆ అయిదుగురు తొంభై మార్కులు వేయడంలో వింత లేదు.

ఆ పెద్దలిద్దరి వాదం తేల్చడానికి నేనూ ఒక కాగితం తీసుకొన్నాను. అమెరికా 120 ప్రూఫ్ అంటే 60 శాతం. మన 75 డిగ్రీలంటే 42.8 శాతం. అంటే ఆ సీసా మన సీసా కంటె ఒకటీ నాలుగు పదుల రెట్లు బలమైనది. మొదటి పెద్దాయన అన్నంత కాదు, రెండవ ఆయన అన్నట్లు తక్కువా కాదు. దవాఖానా లెక్కలో: 60 మిల్లీలీటర్ల పెగ్గు మన విస్కీలో ఇరవై గ్రాముల ఇథనాలు, ఈ బర్బన్‌లో ఇరవై ఎనిమిది. కాలేయం గంటకు తీర్చగలిగినది సుమారు ఏడునుంచి పది గ్రాములు. కొవ్వు పట్టిన కాలేయం మీద ఆ భారం మరింత కీడు. మధుమేహానికి మాత్రలు, ముఖ్యంగా గ్లైబెన్‌క్లమైడ్ వంటివి, లేదా ఇన్సులిన్ తీసుకొనేవారు ఖాళీకడుపుతో ఇది తాగితే అర్ధరాత్రి చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది, ఎందుకంటే మద్యాన్ని కాల్చే పనిలో పడ్డ కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేయలేదు. ఎంతవరకు తాగితే క్షేమం అని అడుగుతారు. ఆరోగ్యానికి ఏ హానీ లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మద్యం కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ తేల్చి మూడున్నర దశాబ్దాలు దాటింది.

అబ్బాయి నా కాగితం అడిగాడు, నూటికి ఎంత వేశారని. మార్కుల గడిలో '28 గ్రా.' అని రాసి ఇచ్చాను. వాడు నవ్వాడు, తండ్రి నవ్వలేదు.

ఇంతలో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న మిత్రుని భార్య అడిగింది: 'అన్నయ్యగారూ, వీరు రాత్రి పూట రెండు పెగ్గులు తీసుకొంటారు. ఈ సీసాలోవైతే రెండు ఎంతవుతాయి?'

'యాభై ఏడు గ్రాములమ్మా. మామూలు సీసాలో అయితే నలభై.'

'ఆ నలభైనే ఎక్కువని మీరు పోయిన ఏడు చెప్పారు కదా?'

చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి, మనవడి దగ్గుమందుతో వచ్చిన, గీతలున్న చిన్న ప్లాస్టిక్ మూత తెచ్చి సీసా పక్కన పెట్టింది.